రూట్ నాలుగు, పంతొమ్మిది సీసాలు

టాలీ కౌంటీలో జనం కన్నా ఆవులు ఎక్కువ, ఆవుల కన్నా కోళ్ళు ఎక్కువ. హెర్న్‌డన్ పట్నం నుంచి పడమరగా రెండున్నర గంటలు డ్రైవ్ చేస్తే, ఫోన్‌లో సిగ్నల్ పోయిన కాసేపటికి కౌంటీ బోర్డు కనిపిస్తుంది. మొత్తం కౌంటీకి ఒకటే ట్రాఫిక్ లైటు. అక్కడ ఎదురుచూడాల్సిన రెండో కారు ఎప్పుడోగాని ఉండదు, అయినా ఎర్రలైటు పడితే అందరూ బుద్ధిగా ఆగుతారు. ఎదురొచ్చినవాడు తెలిసినవాడైనా తెలియనివాడైనా స్టీరింగ్ మీంచి ఒక్క వేలు పైకెత్తి పలకరిస్తారు. ఆ వేలెత్తడం రాకపోతే పదేళ్ళున్నా ఆ ఊళ్ళో కొత్తవాళ్ళే.

గీతాంజలికి అది రెండో వారంలోనే అబ్బింది. అబ్బక చస్తుందా, ఆమె ఆ కౌంటీలో రోజూ అరవై ఎనిమిది మైళ్ళు తిరుగుతుంది. పోస్టాఫీసులో రూట్ నాలుగు ఆమెది. నాలుగు వందల పన్నెండు మెయిల్‌బాక్సులు. రోడ్డు వారన గుంజ మీద ఉండే డబ్బాలో ఉత్తరాలు పెట్టి, తలుపు మూసి, ముందుకు సాగడమే ఉద్యోగం. డబ్బాకు చెయ్యి అందేట్టు స్టీరింగ్ కుడివైపున్న పాత జీపు ఒకటి కొన్నది. ఎప్పుడో విజయవాడలో కుడివైపు కూర్చుని నేర్చుకున్న డ్రైవింగ్ ముప్ఫై ఏళ్ళ తరువాత వర్జీనియా కొండల్లో పనికొచ్చింది.

యాభై నాలుగేళ్ళ మనిషికి ఈ పనేమిటని హెర్న్‌డన్‌లో స్నేహితురాళ్ళు ఫోన్లలో నోళ్ళు నొక్కుకున్నారు. భర్త తేజేశ్వర్ సాఫ్ట్‌వేర్ మనిషి. ఇంటినుంచే పని చేయొచ్చని కంపెనీ అనగానే, పదెకరాలూ ఒక ఇల్లూ చవగ్గా దొరికాయని ఇక్కడికి తీసుకొచ్చాడు. అతనికి లాప్‌టాప్ ఉంటే చాలు. ఆమె మాత్రం మొదటి చలికాలమంతా కిటికీలోంచి జింకల్ని లెక్కపెట్టింది, వసంతం రాగానే పోస్టాఫీసు పరీక్ష రాసింది.

హెర్న్‌డన్‌లో ఇరవై రెండేళ్ళున్నది గీతాంజలి. అక్కడ ఆమె ఆరుష్ వాళ్ళమ్మ, నైనిక వాళ్ళమ్మ, తేజ గారి మిసెస్. వీసా కారణంగా మొదట ఉద్యోగం చేయకూడదు, పిల్లల కారణంగా తరువాత చేయడం కుదరలేదు, వయసు కారణంగా ఆపైన ఎవరూ అడగలేదు. ఇప్పుడు మొదటిసారి పోస్టాఫీసులో ఒక బల్ల దగ్గర ఆమె పేరుతో ఒక అర ఉంది. ఆ అర అంటే ఆమెకు ఎంత ఇష్టమో మొగుడికి కూడా చెప్పలేదు. తొంభై రోజుల ప్రొబేషన్ గడిచి, పోస్ట్‌మాస్టర్ లొరెట్టా ఈమెను ఉంచాలని కాగితం మీద రాస్తేనే అది ఆమెది. ఆగస్టు చివరి మంగళవారానికి ఎనభై రోజులు అయ్యాయి.

ఆ మంగళవారం సాయంత్రమే గొడవ మొదలైంది.

అసలు మొదలు జూన్‌లో ఉంది. పల్లెటూరి అమెరికా వాళ్ళకు ఒక అలవాటు. ఉత్తరాలు తెచ్చే మనిషి కోసం డబ్బాలో ఏదో ఒకటి పెడతారు. ఎనభై ఎనిమిదో నంబరు అరడజను గుడ్లు పెట్టింది. ఇంకొకరు దోసకాయలంత జుకినీ కాయలు పెట్టారు. కొండ కింది డాయిల్ అనే ముసలాయన జింకమాంసం పొట్లం పెట్టాడు. గీతాంజలి శాకాహారి, తేజేశ్వర్ కూడా శాకాహారినని చెప్పుకుంటాడు, ఆ పొట్లం ఏమైందో ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. హోస్టెట్లర్ గారి భార్య సీసాడు స్ట్రాబెర్రీ జామ్ పెట్టింది.

జామ్ అయిపోయింది. సీసా కడిగి, తుడిచి, మర్నాడు తిరిగి పెట్టేద్దామని చేత్తో పట్టుకుంటే గీతాంజలికి చెయ్యాడలేదు. ఖాళీ గిన్నె తిరిగి పంపడం ఆమె పుట్టింట్లో లేదు, అత్తింట్లో లేదు. ఏమీ లేకపోతే కాస్త పంచదారైనా వేసి పంపాలి. మోరిస్‌విల్‌లో ఉండే స్నేహితురాలు ఉష పంపిన విత్తనాలతో పెరట్లో గోంగూర మోకాలెత్తు పెరిగి ఉంది. పచ్చడి చేసి, సీసా నిండా పెట్టి, పైన నూనె తేలేట్టు పోసి, హోస్టెట్లర్ వాళ్ళ డబ్బాలో ఉత్తరాల పక్కన పెట్టి వచ్చింది.

ఆ తరువాత గుడ్ల అట్టపెట్టె ఊరికే ఎలా ఇస్తాం? దానితో ఒక సీసా. జుకినీకి ఒక సీసా. ఇలా ఆగస్టు నాటికి పంతొమ్మిది ఇళ్ళు.

తపాలా చెల్లించని వస్తువేదీ ఆ డబ్బాల్లో పెట్టకూడదన్నది రూలు. కేంద్ర ప్రభుత్వం వాళ్ళ రూలు, ఇంటివాళ్ళు కొన్న డబ్బా అయినా సరే. ట్రైనింగ్‌లో ఈ మాట చెప్పారు, ఆమె శ్రద్ధగా రాసుకుంది కూడా. కాకపోతే అది బయటివాళ్ళ సంగతి అనుకుంది. ప్రకటన కాగితాలు పంచేవాళ్ళు పెట్టకూడదు, ఇరుగుపొరుగు పెట్టకూడదు. తాను పోస్టాఫీసు మనిషే కదా, తన డబ్బాలో తాను పెట్టుకుంటే తప్పేమిటి? ఇంత తెలివైన మనిషికి ఆ ఒక్క చోట బుర్ర అలా పనిచేసింది.

ఎవరూ ఫిర్యాదు చేయలేదు. అంతకన్నా ఘోరం జరిగింది, మెచ్చుకున్నారు. మంగళవారం పొద్దున హోస్టెట్లర్ గారి భార్య తెల్ల టోపీ, పొడుగాటి గౌనుతో పోస్టాఫీసు కౌంటర్ దగ్గరికి వచ్చి, వరసలో ముగ్గురు నిలబడి ఉండగా, కడిగిన సీసా బల్ల మీద పెట్టి, "మీ ఉత్తరాలావిడ మా డబ్బాలో పెట్టే పుల్లటి ఆకు పచ్చడి ఉందే, దాని విత్తనాలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కుంటారా?" అని అడిగింది.

గీతాంజలి రూట్ ముగించుకుని వచ్చేసరికి లొరెట్టా వెనక గదిలో కూర్చుని ఉంది. ఆ సీసా ఆమె ముందుంది. లొరెట్టా అరవై ఏళ్ళ మనిషి, తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకుంటుంది, గోడ గడియారం నిమిషం తప్పితే స్టూలెక్కి సరిచేస్తుంది.

"ఇది మీరు డబ్బాలో పెట్టారా?"

"పెట్టాను. ఆవిడ జామ్ ఇచ్చింది. సీసా ఖాళీగా ఇవ్వలేక..."

"తపాలా?"

అప్పుడు వెలిగింది గీతాంజలికి. "నేను పోస్టాఫీసు మనిషినే కదా అనుకున్నాను," అంది, ఆ మాట తన చెవికే పిచ్చిగా వినిపించింది.

"ఈవిడకేనా? ఇంకెవరికైనా..." లొరెట్టా చెయ్యెత్తి తనే ఆపింది. "ఇప్పుడు చెప్పకండి. ఇంటికెళ్ళండి. ఎన్ని ఇళ్ళో రేపు పొద్దున కాగితం మీద రాసివ్వండి. మీరు ఏం రాస్తే నేను పైకి అదే పంపాలి. సోమవారం మీ ప్రొబేషన్ కాగితం వెళ్ళాలి, గుర్తుంది కదా?"

గుర్తులేకపోవడమేమిటి, ఆమెకు అది తప్ప వేరే ఏమీ గుర్తులేదు.

ఇంటికొచ్చి చెబితే తేజేశ్వర్ హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టాడు. అదొక పెద్ద విషయమే.

"గీతా, సింపుల్. ఒకటి అని రాసెయ్. ఆవిడ హింట్ ఇచ్చింది, నీకర్థం కాలేదా? ఒక్కటైతే మిస్టేక్, వార్నింగ్ ఇచ్చి వదిలేస్తారు. పంతొమ్మిది అంటే ప్యాటర్న్."

"మిగతావాళ్ళు ఎవరైనా చెబితే ఏమండీ?"

"ఎవరు చెప్తారు? వాళ్ళకి ఫోన్ చేసి సీసాల సంగతి ఎత్తొద్దను."

నైనికకు ఫోన్ చేస్తే అదీ అదే పాట. "అమ్మా, జస్ట్ సే వన్. నువ్వు లై చేయట్లేదు, నువ్వు... ఎట్లా చెప్పాలి... అన్నీ చెప్పట్లేదు, అంతే. నాన్న కరెక్ట్. నీకు ఆ జాబ్ ఎంత ఇష్టమో నాకు తెలుసు."

మొగుడికి చెప్పనిది కూతురికి ఎలా తెలిసిందో! గీతాంజలి కళ్ళు తుడుచుకుని కాగితం తీసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. ఒకటి అని రాసింది. రాసి చూసుకుంది. పద్దెనిమిది ఇళ్ళ వాళ్ళకు ఫోన్ చేసి, మీరు నాకు పెట్టిన గుడ్ల సంగతీ నేను మీకు పెట్టిన సీసా సంగతీ దాచండి అని చెప్పాలి. వాళ్ళ చేత అబద్ధం ఆడించాలి. రోజూ ఆ డబ్బాల ముందే ఆగాలి. ఉద్యోగం మిగులుతుంది, కానీ ఆ రూట్‌లో తనకు ఇష్టమైనదేదీ మిగలదు. ఆ కాగితం చింపేసి ఇంకొకటి తీసుకుంది. రూట్ వరసలో, ముందు ఏటి పక్క ఇళ్ళు, తరువాత చర్చి మలుపు, తరువాత కోళ్ళ ఫారాల దగ్గరి ట్రెయిలర్ ఇళ్ళు, చివర కొండ ఎక్కే దారి, పంతొమ్మిది నంబర్లూ వేసింది. ఎవరు ఏం పెట్టారో, తానేం పెట్టిందో కూడా రాసింది. ఎంతైనా పెళ్ళికి ముందు లెక్కల ట్యూషన్లు చెప్పిన చెయ్యి.

బుధవారం పొద్దున లొరెట్టా కాగితం నిలబడే చదివింది. కిందివరకూ వచ్చి ఒక నంబరు దగ్గర ఆగింది. తరువాత మడిచి సొరుగులో పెట్టింది.

"శనివారం మీకు డ్యూటీ లేదు. ఈ పంతొమ్మిది ఇళ్ళకూ మీరే వెళ్ళండి. ఇకమీదట డబ్బాలో ఏమీ పెట్టనని మొహం మీద చెప్పండి. ప్రతి ఇంట్లోనూ. ఫోన్లు కాదు."

"తరువాత?"

"తరువాత సోమవారం."

చిత్రమేమిటంటే, మూడు నెలలుగా తిరుగుతున్న ఆ ఇళ్ళలో చాలావాటి మనుషుల్ని గీతాంజలి చూడనే లేదు. ఎవరికి ఏ ఆసుపత్రి నుంచి కవర్లు వస్తాయో తెలుసు, ఎవరి కొడుకు సైన్యంలో ఉన్నాడో తెలుసు, ఎవరు విత్తనాల క్యాటలాగులు తెప్పించుకుని కొనరో తెలుసు. మొహాలు తెలియవు. శనివారం తేజేశ్వర్ కారు తీసుకుని, ఎడమవైపు కూర్చోవడం అలవాటు తప్పి గేటు దగ్గరే ఒకసారి కందకంలోకి దిగబోయి, బయల్దేరింది.

హోస్టెట్లర్ గారి భార్య గుమ్మంలోనే విషయం విని బుగ్గలు నొక్కుకుంది. తన మెచ్చుకోలు ఇంత పని చేసిందని ఆవిడకు కన్నీళ్ళాగలేదు. వాళ్ళు మెనొనైట్లు అనే పాతకాలపు క్రైస్తవ శాఖవాళ్ళు, టీవీ చూడరు, అబద్ధమాడరు, పచ్చళ్ళు మాత్రం ఏడాదికి మూడు వందల సీసాలు పెడతారు. ఏడిచి ఏడిచి, బస్తాడు బంగాళాదుంపలు కారులో పెట్టించింది. వద్దంటే వినలేదు.

ఏటి మలుపులో న్యూ హోప్ ఉంది. బానిసత్వం పోయిన ఏడాది ఆరు నల్లవాళ్ళ కుటుంబాలు అక్కడ దిగి వేసుకున్న ఊరు, ఇప్పుడు తెల్లసున్నం చర్చీ పదకొండిళ్ళూ. కాల్విన్ బ్యాంక్స్ గారికి ఎనభై రెండేళ్ళు. వరండాలో కుర్చీ చూపించి, ఆమె చెప్పినదంతా తల పంకిస్తూ విన్నాడు.

"మంచి పని చేశారమ్మా, ఆపేయండి," అన్నాడు. మిగతావాళ్ళలా నొచ్చుకోలేదు. "ఉత్తరాల బండి మా రోడ్డెక్కడానికి మా నాన్న పదకొండేళ్ళు అర్జీలు పెట్టాడు. అంతవరకూ నాలుగు మైళ్ళు నడిచి వెళ్ళి, పోస్టాఫీసు నడిపే తెల్లవాళ్ళ దుకాణం వెనక తలుపు దగ్గర నిలబడి తెచ్చుకునేవాళ్ళం. ఆ డబ్బా ఊరికే రాలేదు. దానికి ఒక రూలుంటే ఉండనివ్వండి."

రోజూ రెండు సెకన్లు ఆగి తలుపు మూసే ఆ డబ్బా వెనక ఇంత ఉందని గీతాంజలికి ఎవరు చెప్పారు? సిగ్గేసింది. అప్పటిదాకా తన ఉద్యోగం గురించే ఏడుస్తూ తిరిగింది. క్షమించమని అడిగితే ఆయన నవ్వి, పచ్చడి మాత్రం బాగుందని, కాస్త కారం తగ్గించొచ్చని అన్నాడు.

కోళ్ళ ఫారాల వెనక ట్రెయిలర్లలో గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్ళుంటారు. తలుపు తట్టగానే లోపల రేడియో ఆగిపోయింది. మారిసోల్ అనే అమ్మాయి తలుపు జానెడే తెరిచి, ఈమె పోస్టాఫీసు పేరు ఎత్తేసరికి రంగు మారి, "మాకు ఉత్తరాలు ఆపేస్తారా?" అని అడిగింది. పరాయి దేశంలో తలుపు చప్పుడుకు గుండె గుభేలుమనడం గీతాంజలి ఎరుగును. హెచ్‌ఫోర్ వీసా రోజుల్లో కవరు కాస్త మందంగా వస్తే తెరవడానికి మొగుడొచ్చేదాకా ఆగేది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, ఉత్తరాలు ఆగవు, ఆగేది పచ్చడొకటేనని మూడుసార్లు చెప్పింది. మారిసోల్ ఊపిరి పీల్చుకుని, మొక్కజొన్న ఆకుల్లో చుట్టిన తమాలేలనే కుడుములు అరడజను చేతిలో పెట్టింది.

ఇలా సాగింది. ప్రతి ఇంట్లో తన తప్పు తాను చెప్పుకోవడం, ప్రతి ఇంటినుంచీ ఏదో ఒకటి మోసుకుని రావడం. డాయిల్ అంతా విని లోపలికెళ్ళి ఇంకో పొట్లం తెచ్చాడు. శిక్షకు వెళ్ళిన మనిషి కారు పెళ్ళివారి బండిలా తయారైంది.

చివరిది నాలుగు వందల రెండో నంబరు. కొండ నడుమ, రేకుల కప్పు ఇల్లు, ఈడిత్ అనే పెద్దావిడది. అంతకుముందు ఆమె పెట్టినది పాత ఉన్నితో అల్లిన చేతి తొడుగులు. ఇంటి ముందు ఆగి ఉన్న కారును చూడగానే గీతాంజలి బ్రేకు తొక్కింది. అది లొరెట్టా కారు.

వంటింట్లో లొరెట్టా టమాటాలు కోస్తోంది. బల్ల దగ్గర ఎముకల గూడులా ఒక ముసలమ్మ, ముందు బిస్కెట్ రొట్టె, దాని మీద గోంగూర.

"మా అమ్మ," అంది లొరెట్టా, కత్తి ఆపకుండా. "ఇది ఆఫీసు కాదు. మీరు చెప్పాల్సింది ఆవిడకు చెప్పండి."

గీతాంజలి చెప్పింది. పద్దెనిమిది చోట్ల తడుముకోకుండా చెప్పిన మాట ఇక్కడ రెండుసార్లు తప్పింది.

ముసలమ్మ రొట్టె కింద పెట్టింది. "మా ఆయన పోయి ఏడాదిన్నర. అప్పట్నుంచీ ఏది తిన్నా అట్టముక్క తిన్నట్టే ఉండేది. నువ్వు పెట్టిన రోజు పుల్లగా ఏదో తగిలింది. నోట్లో తగిలింది! ఆ పూట రెండు రొట్టెలు తిన్నాను, అడుగు దీన్ని. ఎవడు పెట్టాడా రూలు?"

"అమ్మా," అంది లొరెట్టా.

"నువ్వేనా?"

"నేను కాదు. కానీ చూసుకోవాల్సింది నేనే." లొరెట్టా కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, గీతాంజలి వైపు తిరిగింది. మొహం ఎప్పటిలానే ఉంది, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. "సోమవారం ఏడింటికి రండి."

ఆదివారం ఇంటినిండా బంగాళాదుంపలు, మొక్కజొన్నలు, గుడ్లు. తేజేశ్వరే వంట చేశాడు. ఉద్యోగం పోతుందని గీతాంజలికి దాదాపు ఖాయమైపోయింది. తల్లి మీద ప్రేమ వేరు, కాగితం వేరు. లొరెట్టా గడియారానికే మినహాయింపు ఇవ్వని మనిషి.

సోమవారం ఏడు గంటలకు వెనక గదిలో లొరెట్టా ప్రొబేషన్ కాగితం తిప్పి ఆమె ముందు పెట్టింది. ఆరు అంశాలు. ఐదింటికి ఎదురుగా 'తృప్తికరం'. ఆరోది నిబంధనలు పాటించడం. దానికి ఎదురుగా లొరెట్టా దిట్టమైన చేతిరాతతో 'అసంతృప్తికరం' అని ఉంది. ఒక్కటి అలా పడితే చాలు, పంపించేయడానికి. గీతాంజలి తల వంచి, జీపు తాళాలు తీసి బల్ల మీద పెట్టబోయింది, అవి తన సొంత జీపువన్నది గుర్తొచ్చి మళ్ళీ జేబులో వేసుకుంది.

"కింద ఉన్నది చదవరా?" అంది లొరెట్టా.

కింద వివరణ కోసం వదిలిన నాలుగు గీతల జాగా నిండిపోయి, మార్జిన్‌లోకి కూడా రాసి ఉంది.

'ఈ ఉద్యోగి తపాలా లేని ఆహార సీసాలు పంతొమ్మిది డబ్బాల్లో పెట్టింది. ఎన్ని అని అడిగితే పంతొమ్మిదీ రాసిచ్చింది. అప్పటికి నాకు తెలిసినవి రెండే. అందులో ఒకటి మా అమ్మ ఇల్లు. అది నాకు జులై నుంచి తెలుసు. అమ్మ మళ్ళీ తిండి తింటోందని నేను రూలు పక్కన పెట్టి ఊరుకున్నాను. ఈమె చెప్పింది, నేను చెప్పలేదు. నా మీద తీసుకోవాల్సిన చర్య తీసుకోండి. రూట్ నాలుగుకు ఈమెను ఉంచాలి.'

గీతాంజలి రెండుసార్లు చదివింది. "ఈ జులై సంగతి ఎవరికీ తెలియదు కదా," అంది. "ఎందుకు రాశారు? ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు మీది."

"మీరు రాసిన కాగితం పక్కన పెట్టుకుని ఇది రాయాల్సి వచ్చింది," అంది లొరెట్టా. "మీరు పంతొమ్మిది రాసి, నేను ఒకటి దాచుకుంటే ఎలా?"

గీతాంజలికి ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. లొరెట్టా చేతిరుమాలు ఆమె ముందుకు తోసి, లేచి వెళ్ళి ఉత్తరాల ట్రేలు ఒక్కొక్కటే రూట్ నాలుగు బల్ల మీద సర్దడం మొదలుపెట్టింది.